గ్రామఫోను నిర్మాత ఎమిల్ బెర్లినర్

మహబూబాబాదు జిల్లాలోని కురవి గ్రామము శ్రీ వీరభద్రస్వామి ఆలయమునకు ప్రసిద్ధి చెందినది. ఏటేట మహాశివరాత్రికి అచ్చట గొప్ప జాతర జరుగును. ఆ గ్రామమునకు కొరవి యను పూర్వనామము కలదు. పదవ శతాబ్దమున ముదిగొండ చాళుక్యులు ఆ ప్రాంతము నేలిరి. ఆనాటి కొరవి శాసనము తెలుగు గద్యమునకు మిక్కిలి ప్రాచీనములైన ఉదాహరణములలో నొకటి. శిల్పి ఉలితో రాతిపై గీచిన గీతలవలన వేయి యేండ్ల నాటి మాటలు నేటికిని మనకు తెలియుచున్నవి. కాని ఆ మాటలను పలికినవారి కంఠ మెట్టిదో మన మెరుగము. ఆ గొంతు వారితోనే గాలిలో కలిసిపోయినది.

మనుష్యుని కంఠస్వరమునే గీతగా గీచి, ఆ గీతనుండి మరల కంఠమును పలికించి, ఒక్క గీతకు వేలకొలది ప్రతులు తీసి ఇంటింటికి చేర్చు విద్య పంతొమ్మిదవ శతాబ్దమున పుట్టినది. ఆ విద్యను సాధించిన మహనీయుడు ఎమిల్ బెర్లినర్. తాను నిర్మించిన యంత్రమును తన దేశముననే అమ్ముకొను హక్కును పోగొట్టుకొనియు ధైర్యము వీడని ధీరు డాయన.

ఎమిల్ బెర్లినర్ 1851 వ సంవత్సరము మే నెల 20 వ తేదీన జర్మనీలోని హానోవరు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి శామ్యూలు వర్తకుడు. తమ మతగ్రంథములను శ్రద్ధతో చదివినవాడు. తల్లి సారా సంగీతమునందు ప్రీతి గలది. వారికి 13 మంది సంతానము. అంత పెద్ద సంసారమున పిల్లల కందరకు పైచదువులు చెప్పించుట ఆ తండ్రికి సాధ్యము కాలేదు. ఎమిల్ 14 వ యేటనే పాఠశాల విడిచి పనిలో ప్రవేశించెను. మొదట ఒక ముద్రణాలయమున చిల్లర పనులు చేసెను. పిదప ఒక బట్టల దుకాణమున గుమాస్తాగా చేరెను. అచ్చట రంగురంగుల వస్త్రములను చూచుచు, అవి యెట్లు నేయబడునో యని ఆలోచించి, ఒక నేతయంత్రమునకు నమూనా తయారుచేసెను. ఏ వస్తువు కంటబడినను అది యెట్లు పనిచేయునో తెలిసికొనువరకు ఆ బాలునకు నిద్రపట్టెడిది కాదు.

1870 వ సంవత్సరమున ప్రష్యాకును ఫ్రాన్సుకును యుద్ధము సంభవించెను. యువకులందరు సైన్యమున చేరవలసిన కాలమది. యుద్ధమునం దిష్టము లేని ఎమిల్ తన 19 వ యేట ఓడనెక్కి అమెరికా దేశమునకు బయలుదేరెను. వాషింగ్టను నగరమున కుటుంబమునకు పరిచితుడైన యొక వర్తకుని బట్టల దుకాణమున మూడేండ్లు గుమాస్తాగా నుండెను. పిదప న్యూయార్కు నగరమునకు పోయి దొరికిన పనియెల్ల చేసెను. పగలంతయు పొట్టకూటికై పాటుపడి, రాత్రివేళల కూపరు విద్యాసంస్థలో చదువుకొనెను. ఒక రసాయనశాలలో సీసాలు కడుగు పనికి కుదిరి, ఆ పని చేయుచునే అచ్చటి ప్రయోగములను గమనించెను. సీసాలు కడుగుట నీచమైన పని యని ఆయన తలపలేదు. శాస్త్రజ్ఞాన మున్నచోటికి తనను చేర్చిన తలుపుగా దానిని భావించెను.

1876 వ సంవత్సరమున ఆయన వాషింగ్టనునకు తిరిగివచ్చి మరల బట్టల దుకాణమున చేరెను. ఆ యేడే అలెగ్జాండరు గ్రాహం బెల్ తన టెలిఫోనును లోకమునకు ప్రదర్శించెను. ఆ యంత్రమున మాట దూరమునకు పోవుట నిజమే. కాని ధ్వని మిక్కిలి మందముగా నుండెడిది. ఆ లోపము నెట్లు సవరింపవచ్చునో యని ఎమిల్ తన అద్దెగదిలో ప్రయోగము లారంభించెను. తంతి వార్తలు పంపుటలో ప్రవీణుడైన మిత్రు డొకడు, మీటను గట్టిగా నొక్కినచో విద్యుత్తు ఎక్కువగా ప్రవహించునని ఒకనాడు ఆయనకు తెలిపెను. వినువారికి అది సామాన్యమైన మాట. ఎమిల్ మనస్సున మాత్ర మది దీపమువలె వెలిగినది. రెండు వాహకములను వదులుగా తాకించి యుంచి, వాటిపై ధ్వని ఒత్తిడి పడునట్లు చేసినచో, గొంతు హెచ్చుతగ్గులనుబట్టి విద్యుత్తును హెచ్చుతగ్గు లగును గదా! ఈ సూత్రముపై ఆయన టెలిఫోనులో మాటలాడు భాగమును నిర్మించి, 1877 ఏప్రిల్ 14 వ తేదీన పేటెంటు కార్యాలయమున వివరములు దాఖలు చేసెను. ఎడిసన్ మున్నగువారును ఆ కాలముననే ఆ దారిలో కృషి చేయుచుండిరి. అందువలన ఆ విషయమై న్యాయస్థానములలో ఎన్నో యేండ్లు వివాదములు నడచెను. బెల్ కంపెనీవారు బెర్లినరు హక్కులను కొని, 1878 లో ఆయనను తమ ఉద్యోగిగా నియమించిరి. గుమాస్తాపని అంతటితో ముగిసినది. 1881 లో ఆయన అమెరికా పౌరుడై, కోరా ఆడ్లరు అను కన్యను వివాహమాడెను. కొంతకాలమునకు ఉద్యోగము విడిచి, వాషింగ్టనులో స్వతంత్రముగా పరిశోధనలు చేయసాగెను.

మాటను దూరమునకు పంపు విద్య లభించినది. ఇక మాటను నిలిపి యుంచు విద్య కావలసియుండెను. 1877 లోనే థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫు అను యంత్రమును నిర్మించి లోకమును ఆశ్చర్యపరచెను. ఆ యంత్రమున గుండ్రని స్తంభమువంటి డోలునకు పలుచని లోహపు రేకు చుట్టబడి యుండెను. మాటలాడినప్పుడు సూది క్రిందికిని మీదికిని కదలుచు ఆ రేకుపై పల్లములు చేసెడిది. రేకునకు మారుగా మైనపు గొట్టములు తరువాత వచ్చెను. కాని యందొక చిక్కు కలదు. ఒక గొట్టముపై పాడిన పాటకు ప్రతులు తీయుట మిక్కిలి కష్టము. నూరు గొట్టములు కావలెనన్నచో గాయకుడు పెక్కు యంత్రముల యెదుట నిలిచి ఆ పాటనే మరల మరల పాడవలసివచ్చెడిది. గొంతు బొంగురుపోయినను వ్యాపారము ఆగెడిది కాదు.

బెర్లినరు యౌవనారంభమున ముద్రణాలయమున పనిచేసినవాడు. ఒక్కసారి అక్షరములు కూర్చినచో వేయి కాగితములు అచ్చగునని ఆయన చిన్ననాడే చూచెను. పాటను గూడ అట్లే అచ్చువేయరాదా యని ఆయన యోచించెను. గొట్టమును విడిచి, పళ్లెమువలె చదునైన పలకను తీసికొనెను. సూది లోతుగా దిగి పైకి లేచుటకు బదులుగా, ఒకే లోతున కుడియెడమలకు కదలునట్లు ఏర్పరచెను. 1887 లో ఈ పద్ధతికి పేటెంటు లభించెను. తన యంత్రమునకు గ్రామఫోను అని పేరు పెట్టెను.

ఆ పలకను తయారుచేయు విధానము మిక్కిలి చక్కనిది. జింకు పలకపై తేనెమైనమును పలుచగా పూయుదురు. గాయకుడు బాకాలోనికి పాడగా, సూది ఆ మైనముపై వంకరటింకరగా గీత గీయును. గీత పడినచోట మైనము తొలగి లోహము బయల్పడును. పిదప పలకను ఆమ్లమున ముంచెదరు. మైనమున్న భాగమును ఆమ్లము తాకదు. గీతవెంట మాత్రము లోహమును తినివేసి గాడి చేయును. ఆ పలకనుండి విద్యుత్తు సహాయమున ఎదురచ్చు తీయుదురు. ఆ యచ్చుతో మెత్తని పదార్థమును నొక్కినచో, అదే గాడి గల పలకలు ఎన్ని కావలసిన నన్ని తయారగును. గాయకుడు ఒక్కసారి పాడిన చాలును.

1888 మే 16 వ తేదీన ఫిలడెల్ఫియా నగరమందలి ఫ్రాంక్లిన్ సంస్థలో పండితుల యెదుట ఆయన తన యంత్రమును ప్రదర్శించెను. ఆనాటి యుపన్యాసమున, ముందుముందు గాయకుల పాటల ప్రతులు అమ్ముడుపోగా ఆ రాబడిలో గాయకులకు భాగము లభింపగలదని ఆయన సూచించెను. అప్పటికి అట్టి పలక ఒక్కటియైన బజారున లేదు. పలక బజారున కెక్కకముందే కళాకారుని కూలి సంగతి తలచిన దూరదర్శి ఆయన.

యంత్రమును నిర్మించుట యొక యెత్తు. దానిని జనులచేత కొనిపించుట మరొక యెత్తు. మొట్టమొదట 1889 ప్రాంతమున జర్మనీలోని యొక బొమ్మల కంపెనీవారు చిన్న గ్రామఫోనులను పిల్లల ఆటవస్తువులుగా చేసి అమ్మిరి. పెద్దలు వాటిని చూచి నవ్వి ఊరకుండిరి. ధనవంతులు పెట్టుబడి పెట్టుటకు జంకిరి. 1894 లో అమెరికాలో 7 అంగుళముల పలకల విక్రయము ఆరంభమయ్యెను. ఒక్కొక్క పలక సుమారు రెండు నిమిషములు మాత్రమే పాడెడిది. మరుసటి యేట 25,000 డాలర్ల మూలధనముతో ఫిలడెల్ఫియాలో బెర్లినర్ గ్రామఫోను కంపెనీ ఏర్పడెను.

అయినను లోపము లింకను మిగిలియుండెను. ఆ యంత్రమును చేతితో త్రిప్పవలెను. చేయి వేగముగా తిరిగినచో పాట కీచుమనును. మెల్లగా తిరిగినచో మూలుగును. ఈ లోపమును తొలగించినవాడు కామ్‌డెన్ పట్టణమున చిన్న యంత్రశాల నడుపుచున్న ఎల్డ్రిడ్జ్ జాన్సన్. ఆయన 1896 లో గడియారపు స్ప్రింగు వంటి స్ప్రింగుతో నడచు సాధనమును గ్రామఫోనునకు అమర్చెను. ఇక పలక రబ్బరుతో చేయబడుటవలన అచ్చు అన్నిచోట్ల సమముగా పడెడిది కాదు. దానికి మారుగా లక్క కలిపిన మిశ్రమము వాడుకలోనికి వచ్చెను. బాలలారా! ఆ లక్క విశేషముగా మన దేశమునుండియే పోయెడిది. మన యడవులలో మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై లక్క పురుగులు కట్టు జిగురే అది. అడవులలో మన పేదలు గీకి తెచ్చిన లక్క సముద్రములు దాటి పాటలు పాడు పలకగా మారినది.

వ్యాపారము వృద్ధిచెందుచుండగా విపత్తు వచ్చిపడెను. 1896 లో బెర్లినరు కంపెనీవారు అమెరికాలో తమ యంత్రములను అమ్ము అధికారమును న్యూయార్కు వాసియైన ఫ్రాంక్ సీమన్ అను వర్తకున కొక్కనికే ఇచ్చిరి. సీమన్ ప్రకటనలతో విక్రయమును పెంచెను. కాని లాభముల విషయమై ఇరుపక్షములకు పొత్తు కుదరలేదు. సీమన్ పక్షమువారు గ్రామఫోనును పోలిన మరొక యంత్రమును అమ్మసాగిరి. ప్రత్యర్థులతో చేతులు కలిపి న్యాయస్థానమున కెక్కిరి. 1900 వ సంవత్సరమున న్యాయస్థానము బెర్లినరు కంపెనీ అమెరికాలో తన సరుకును అమ్మరాదని నిషేధాజ్ఞ యిచ్చెను. పేటెంటు ఎవనిదో, ప్రయోగము లెవనివో, అతడే తన యంత్రమును అమ్మరాదు! గ్రామఫోను అను పేరు సైతము ఆ దేశపు బజారునుండి క్రమముగా మాయమయ్యెను.

మరియొకడైనచో క్రుంగిపోవునే. బెర్లినరు కోపమును మనస్సున పెంచుకొనలేదు. తన హక్కులను తనతో చేదోడుగా నిలిచిన జాన్సను కప్పగించెను. 1901 లో జాన్సన్ స్థాపించిన విక్టరు కంపెనీ అమెరికాలో మహా సంస్థగా పెరిగెను. బెర్లినరు తన పనిని కెనడాలోని మాంట్రియల్ నగరమునకు మార్చెను. అంతకుమునుపే, 1898 లో లండనున గ్రామఫోను కంపెనీయు, హానోవరున ఎమిల్, ఆయన సోదరుడు జోసెఫ్ కలిసి నెలకొల్పిన డాయిష్ గ్రామఫోన్ కంపెనీయు వెలసియుండెను. ఒక వాకిలి మూసికొనిపోగా, ఆయన యంత్రము ఇతర దేశముల వాకిళ్లు తెరచుకొని సాగిపోయెను. బాకా యెదుట కూర్చుండి చెవియొగ్గి వినుచున్న కుక్క బొమ్మను మన పెద్దలు రికార్డులపై చూచియుందురు. అది ఫ్రాన్సిస్ బరో అను చిత్రకారుని చిత్రము. దానిని 1900 లో అమెరికాలో వ్యాపారచిహ్నముగా నమోదు చేయించినది బెర్లినరే.

ఆ రోజులలోనే ఆయన యింట మరొక ఆపద వాటిల్లెను. పసిబిడ్డయైన కుమార్తె ఆలిస్ జీర్ణకోశ వ్యాధితో మరణాసన్నురాలయ్యెను. భాగ్యవశమున ఆమె కోలుకొనెను. ఆ వ్యాధి యేల వచ్చెనని ఆయన శాస్త్రజ్ఞుని దృష్టితో విచారించెను. శుభ్రము లేని పచ్చిపాలవలన పసిపిల్లలు వ్యాధుల పాలగుచున్నారని గ్రహించెను. నాటినుండి పాలను వేడిచేసి క్రిములను నశింపజేసిన తరువాతనే వాడవలెనని ఊరూర ప్రచారము చేయించెను; పత్రికలలో ప్రకటనలు వ్రాసెను; వ్యాధి నివారణకై యొక సంఘమును స్థాపించెను. ఆరోగ్య నియమములను పిల్లలకు నేర్పుటకు చిన్న చిన్న పద్యములు గూడ రచించెను. తన బిడ్డ బ్రదికినందుకు సంతోషించి ఊరకుండక, ఇరుగుపొరుగు బిడ్డల క్షేమమునకై సుమారు ముప్పది యేండ్లు పాటుపడెను. స్త్రీలు శాస్త్రపరిశోధనలు చేయుటకై తన తల్లి సారా పేర ఒక విద్యార్థి వేతనమును నెలకొల్పెను. వార్ధక్యమునను ఆయన బుద్ధి విశ్రమింపలేదు. నిలువుగా పైకెగురు హెలికాప్టరుపై కుమారుడు హెన్రీతో కలిసి ప్రయోగములు చేసెను. సభాభవనములలో ధ్వని స్పష్టముగా వినబడుటకు గోడలకు తాపడము చేయు పలకలను కల్పించెను.

గ్రామఫోను మన దేశమునకు త్వరలోనే వచ్చెను. బెర్లినరు వద్ద పని నేర్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మున్నగు వారి పాటలను పలకలపై గీయించెను. ఆ పలకలు హానోవరులో అచ్చయి మన బజారులకు వచ్చెను. 1908 నాటికి కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. క్రమముగా తెలుగు నాటక పద్యములును పలకల కెక్కెను. నాటకశాల కెన్నడును పోని పల్లెవాసులు కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల కంఠమును గ్రామఫోనులో విని ఆనందించిరి. ఒక సంపన్నుని యింట పలక మ్రోగినచో వీధి వీధియంతయు అరుగులపై చేరి వినెడిది. 

1929 ఆగస్టు 3 వ తేదీన ఎమిల్ బెర్లినర్ తన 78 వ యేట వాషింగ్టనులో పరమపదించెను. తన అంత్యక్రియలు ఆడంబరము లేక జరుపవలెననియు, పసిబిడ్డలు గల పేదతల్లులకు కొంత ధనము పంచవలెననియు ఆయన ముందుగానే కోరియుండెను.

ఆయన మరణించినను ఆయన గీచిన గాడి చెరిగిపోలేదు. 1925 నుండి మైక్రోఫోను సహాయమున విద్యుత్తుతో పాటలు ముద్రించు పద్ధతి వ్యాపించెను. 1948 లో లక్కకు మారుగా వినైల్ అను పదార్థముతో చేయబడి, నిమిషమునకు ముప్పదిమూడున్నొక మూడవవంతు చుట్లు తిరుగు పెద్ద పలకలు వెలువడెను. ఈ పలకలలో గాడి మిక్కిలి సన్నము. గాడిలో నడచు సూది చివర నుండు అయస్కాంతపు సాధనము పుట్టించు విద్యుత్తు వోల్టులో వేయింట కొలదిపాళ్లు మాత్రమే. అది లౌడుస్పీకరును కదలింపజాలదు. కావున మొదట దానిని పెంచి, ముద్రించునప్పుడు తగ్గించిన మంద్రస్వరములను హెచ్చించి, హెచ్చించిన తారస్వరములను తగ్గించి, యథారూపమునకు తెచ్చు చిన్న పెట్టె యొకటి కావలెను. దానికి ప్రీ యాంప్లిఫయరు అని పేరు. 1950 దశకారంభమున న్యూయార్కులో సాల్ మరాంట్జ్ అను సంగీతప్రియుడు తన యింటికై అట్టి పెట్టెను స్వయముగా తయారుచేసికొనెను. మిత్రులు విని తమకును కావలెనని అడిగిరి. ఇంట చేసిన వస్తువు క్రమముగా ఆయన జీవనోపాధియై, పేరొందిన కంపెనీ యయ్యెను. నేటికిని చేతిపనితో అట్టి పెట్టెలను నిర్మించి, వినగోరువారికి అమ్ము పనివారు పెక్కు దేశములలో కలరు. వారు అమ్మునది పెట్టెయే యైనను, కొనువాడు కోరునది గాడిలోని గొంతు కల్తీ లేక తనకు వినబడవలెనని. ఆ నమ్మకమును నిలుపుటయే వారి వృత్తిధర్మము. అద్దెగదిలో కూర్చుండి టెలిఫోను లోపమును సవరించిన నాటినుండి బెర్లినరు పాటించినది ఆ ధర్మమునే.

మన గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1974 వ సంవత్సరమున దివంగతుడయ్యెను. ఆయన పాడిన భగవద్గీత పలక ఆయన మరణానంతరము వెలువడెను. కంఠము మూగవోయిన తరువాత ఆ కంఠమే తెలుగునాట ఆలయముల ముంగిట వినబడినది. కొరవి శాసనమును చదివి వినిపించినవాని గొంతు మనకు దక్కలేదు. ఆ కొరతను తీర్చుటకై ఒక బట్టల దుకాణపు గుమాస్తా తన జీవితమును ధారపోసెను. లాభము పరుల పాలైనను ఆయన కృషి లోకమునకు దక్కినది. పలకపై సూది నడచు ప్రతియింట నేటికిని ఆ కృషి పలుకుచున్నది.